గేటు కాదు, బరువుల ర్యాకు

ఇంట్లో బరువులు ఎత్తడం మొదలుపెట్టినవాళ్ళకి ఏడాది తిరిగేసరికి గది మూలలో ఒక గుట్ట తయారవుతుంది. నాలుగు ప్లేట్లు గోడకు ఆనించి ఉంటాయి, రెండు మంచం కిందకి పోతాయి, డంబెల్స్ నేల మీద దొర్లుతుంటాయి. గోడకు నిలబెట్టిన 20 కిలోల ప్లేటు కాలు తగిలి పడితే టైలు పగులుతుంది, కింద వేలు ఉంటే వేలూ చితుకుతుంది. కాబట్టి ర్యాకు అనేది సోకు కాదు, అవసరం.

దాన్ని చేయించుకుందామని వీధి చివరి వెల్డింగ్ షాపుకి వెళ్తే ముందుగా వినిపించే మాట ఒకటుంది: "మందం పైపు వేసేద్దాం సార్, ఏనుగెక్కినా ఏం కాదు." వినడానికి ధైర్యంగానే ఉంటుంది. కానీ ఇంట్లో బరువుల ర్యాకు చెడేది పైపు పల్చనై కాదు. పాదం పొట్టిదైతే ఒరుగుతుంది, ప్లేట్లు తగిలించే కొమ్మ అతుకు దగ్గర ఊడుతుంది. ఈ రెండు చోట్ల పెట్టాల్సిన శ్రద్ధనీ డబ్బునీ తీసుకెళ్ళి పైపు మందంలో పోస్తున్నాం. నా వాదన ఇదొక్కటే. మిగతాదంతా దాని లెక్క, దాని పని.

వెల్డింగ్ చేసేవారిని తప్పుపట్టడం లేదు. ఆయన చెయ్యి గేట్లకీ గ్రిల్లులకీ అలవాటు పడింది. గేటు తన బరువు తాను మోసుకుంటే చాలు, కిటికీ గ్రిల్లుకైతే ఆ పని కూడా గోడే చేసిపెడుతుంది. అక్కడ రెండు పక్కలా చిన్న మాటు (వెల్డింగ్ అతుకు) పెట్టి, పైన లప్పం రుద్ది, రంగు వేస్తే ముప్పై ఏళ్ళుంటుంది. బరువుల ర్యాకు అలా కాదు. తన బరువుకి ఐదారు రెట్లు మోయాలి, అదీ చాపిన చేతుల మీద మోయాలి. రోజూ ఎవరో ఒకరు ఆ చేతుల మీద బరువు వేస్తూ తీస్తూ ఉంటారు. ఈ తేడా ఆయనకి మనం చెప్పాలి, కాగితం మీద గీసి మరీ చెప్పాలి.

గీయడానికి ముందు కొలతలు. మన దగ్గర ఇళ్ళకి అమ్మే సెట్లలో ప్లేటు రంధ్రం రెండు తరహాలుగా ఉంటుంది. ఒలింపిక్ బారుకి (పోటీల్లో వాడే లావు కొసల కడ్డీకి) వచ్చేవి 50 మి.మీ. పైచిలుకు. మామూలు రాడ్డుతో వచ్చే రబ్బరు ప్లేట్లకీ, సిమెంటు నింపిన ప్లాస్టిక్ ప్లేట్లకీ 30 మి.మీ. లోపే. ఈ చిన్నవాటిలో సెట్టుకీ సెట్టుకీ రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. అందుకే టేపుతో కాకుండా వెర్నియర్‌తో కొలవండి. లేదంటే ఒక ప్లేటు చేత్తో పట్టుకుని షాపుకే వెళ్ళి, కొనబోయే రాడ్డు మీద ఎక్కించి చూడండి. రంధ్రంతో పాటు ప్రతి ప్లేటు మందం, అడ్డకొలత రాసుకోండి. డంబెల్‌కైతే రెండు తలల మధ్య పిడి పొడవు, తల వెడల్పు కావాలి. ఈ చీటీ లేకుండా మొదలుపెట్టిన ర్యాకులో చివరికి ఏదో ఒక ప్లేటు పట్టదు.

యూట్యూబ్‌లో కనిపించే అమెరికా వీడియోల గురించి ఇక్కడే ఒక మాట. వాళ్ళు "టూ బై ఫోర్" కర్రతో గంటలో ర్యాకు కట్టేస్తారు. ఆ కర్ర పేరుకి 2 అంగుళాలు, 4 అంగుళాలు. నిజానికి ఒకటిన్నర, మూడున్నర అంగుళాలు. చదునుగా చిత్రిక పట్టి, ఒకే కొలతలో, అక్కడ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. మన టింబర్ డిపోలో ఆ కొలత కర్ర కోయించుకోవాలి, ఘనపుటడుగుల లెక్కన డబ్బు కట్టాలి, ఆరిందో లేదో చూసుకోవాలి, చెదల మందు పూయాలి. ఇనుము అలా కాదు, ఏ మండల కేంద్రంలోనైనా కిలోల లెక్కన దొరుకుతుంది, కోసి అతికే మనిషి పక్కనే ఉంటాడు. అక్కడ కర్ర ఎంత సహజమో ఇక్కడ ఇనుము అంత సహజం. కిరాణా కొట్లలో వాడే చిల్లుల యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) ర్యాకు కూడా పనికొస్తుంది గానీ డంబెల్స్‌కి మాత్రమే. దాని రేకు పలకలు బస్తా బరువుని మోస్తాయి, డంబెల్ తల ఒకేచోట ఆనితే గుంట పడతాయి. పైన 12 మి.మీ. ప్లైవుడ్ పరిచి, వెనక ఏటవాలుగా రెండు పట్టీలు బిగిస్తేనే అది ఊగకుండా నిలుస్తుంది.

ఇక లెక్క. ఒక ఇంటికి సరిపడే సరంజామా అనుకుందాం. ప్లేట్లు: 20, 15, 10 కిలోలవి రెండేసి, 5, 2.5 కిలోలవి నాలుగేసి. మొత్తం 120 కిలోలు. షడ్భుజి తలల డంబెల్స్: 2.5 నుంచి 15 దాకా రెండున్నర చొప్పున పెరిగే ఆరు జతలు. ఇవి 105 కిలోలు. వెరసి 225.

దీనికి ఎంత ఇనుము కావాలి? డంబెల్స్ పెట్టే పట్టా చూడండి. కింది వరుసలో 10, 12.5, 15 జతలు, అంటే 75 కిలోలు, రెండు పట్టాల మీద. ఒక్కో పట్టాకి 37.5 కిలోలు. మీటరు పొడవున్న 50×50×5 యాంగిల్ ఆ బరువుకి మధ్యలో వంగేది పావు మిల్లీమీటరు కూడా కాదు. కొమ్మ సంగతి చూద్దాం. 1 అంగుళం మీడియం క్లాస్ ఇనుప పైపు (బయటి కొలత 33.7 మి.మీ., మందం 3.2) 220 మి.మీ. బయటికి చాచి, దాని మీద అవసరానికి మించి 60 కిలోలు వేసినా, ఆ ఇనుము శాశ్వతంగా వంగిపోయే హద్దులో ఏడో వంతు ఒత్తిడి కూడా రాదు. ఇంత మిగులు ఉన్నప్పుడు పైపుని ఇంకా మందం చేసి సాధించేది ర్యాకుని మేడ మీదకి మోసేవాడి నడుం విరగ్గొట్టడం మాత్రమే. చట్రం పైపుకి 2 మి.మీ. చాలు.

అయితే ఆ 2 మి.మీ. నిజంగా 2 మి.మీ. అయ్యుండాలి. షాపులో "14 గేజి" అని అడుగుతాం, అంటే 2 మి.మీ. వచ్చేది ఒక్కోసారి 16 గేజి, అంటే 1.6. పైపు అంచు చూసి కంటితో పోల్చలేం, ఎందుకంటే కోసినచోట అంచు లేచి మందంగా కనిపిస్తుంది. తక్కెడ అబద్ధం చెప్పదు. 50×50×2 చదరపు పైపు మీటరుకి 3 కిలోలు. 6 మీటర్ల నిండు పొడవు దాదాపు 18 కిలోలు తూగాలి. అదే 1.6 అయితే 14.6 దగ్గర ఆగుతుంది. ఎటూ కిలోల లెక్కన అమ్మేదే కాబట్టి తూకం ఎలాగూ వేస్తారు. ఆ అంకెని పొడవుతో భాగించి చూసుకోవడమే మన పని. గుండ్రటి కడ్డీకి ఇళ్ళు కట్టేవాళ్ళందరికీ తెలిసిన సూత్రమే: వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 25 మి.మీ. కడ్డీ అయితే 3.86.

ర్యాకు ఆకారం ఇది. రెండు పక్కలా తలకిందులైన "టీ" అక్షరంలా ఒక పాదం, దాని నడుమ ఒక నిలువు. రెండు నిలువుల మధ్య డంబెల్స్‌కి రెండు వరుసలు, బయటి వైపులకి ప్లేట్ల కొమ్మలు, పక్కకి రెండేసి. ఒక పక్క ప్లేట్లు, ఒక పక్క డంబెల్స్ అని రెండు స్టాండులు చేయించుకునే బదులు ఇలా కలిపితే ఒకదాని బరువు ఇంకోదాన్ని ఒరగకుండా పట్టి ఉంచుతుంది. స్థలం కూడా మీటరున్నర గోడ చాలు.

50×50×2 చదరపు పైపు ఒక నిండు పొడవు తీసుకుని ఇలా కోయించండి: పాదాలు 600 మి.మీ. ముక్కలు రెండు, నిలువులు 950వి రెండు, అడ్డాలు 1000వి రెండు. మొత్తం 5.1 మీటర్లు. మిగిలిన ముక్క దాచుకోండి, మాటు పరీక్షకి పనికొస్తుంది. 50×50×5 యాంగిల్ ఒక పొడవు: పట్టాలు 1000వి నాలుగు, పట్టాలని మోసే చేతులు 220వి నాలుగు. 1 అంగుళం పైపు 270 మి.మీ. ముక్కలు నాలుగు, కొమ్మలకి. 10 మి.మీ. చదరపు కడ్డీ నాలుగు మీటర్లు. పాదాల చివర్లకి 75×75×6 పలకలు నాలుగు. మూలలకి 100 మి.మీ. త్రికోణం ముక్కలు నాలుగు, 5 మి.మీ. మందంవి. అంతా కలిపి 41 కిలోల చిల్లర ఇనుము. బరువులతో కలిపితే 270 లోపు.

పాదం 600 ఎందుకు? డంబెల్స్ ముందుకీ వెనక్కీ చెరో జానెడు చాచుకుని ఉంటాయి. 45 సెం.మీ. ప్లేటు నిలువుకి అటూ ఇటూ 225 మి.మీ. ఆక్రమిస్తుంది. పాదం వీటన్నిటి కంటే బయటికి వెళ్ళాలి. సూత్రం అంతే: మీ ర్యాకులో బరువు ఎంతదాకా చాచుకుంటుందో, పాదం దాన్ని దాటి నేలని పట్టుకోవాలి. పక్కలకి ఈ సూత్రం కుదరదు, కొమ్మలు పాదం దాటి బయటికే ఉంటాయి. అందుకే మీటరు వెడల్పు. ఒక పక్క 60 కిలోల ప్లేట్లు ఉండి, రెండో పక్క ఖాళీ అయి, డంబెల్స్ కూడా ఏవీ లేకపోయినా, ర్యాకు సొంత బరువు ఒరుగుడుని మూడు రెట్లకు పైగా అడ్డుకుంటుంది. అదే ఒంటి స్తంభం చెట్టులాంటి స్టాండు చేయించి, కింద 30 సెం.మీ. పాదం పెడితే, ఒక పక్క ప్లేట్లన్నీ తీసేసిన రోజున అది అంచు మీద నిలబడి ఉంటుంది. దానికి 5 మి.మీ. పైపు వేసినా అంతే. మందం పైపు కూడా ఒరిగేటప్పుడు మందంగానే ఒరుగుతుంది.

ఇప్పుడు కొమ్మ. నేను చెప్పదలచుకున్నదాంట్లో సగం ఇక్కడే ఉంది.

మామూలుగా చేసేది ఏమిటంటే, పైపు ముక్కని నిలువు ముఖం మీద ఆనించి చుట్టూ మాటు పెట్టేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ 60 కిలోలు 220 మి.మీ. కొమ్మ మీద పరుచుకుంటే, అతుకు పైభాగాన దాదాపు 200 కిలోల లాగుడు పడుతుంది. ఆ లాగుడు ఎవరి మీద? 2 మి.మీ. రేకు మీద, అదీ రేకుని దాని ముఖం నుంచి బయటికి పీకే దిశలో. రేకు ఆ దిశలో బలహీనం. డబ్బా మూతని వేలితో నొక్కితే లోపలికి పోతుంది, అంచు మీద నిలబెట్టి నొక్కితే కదలదు. అదే తేడా. మాటు ఊడకపోవచ్చు, దాని చుట్టూ ఉన్న రేకు మొదట ఉబ్బుతుంది, కొమ్మ తల వాలుతుంది, కొన్నాళ్ళకి మాటు అంచునే వెంట్రుకలాంటి పగులు మొదలవుతుంది.

మార్గం సులువు. కొమ్మని నిలువులోంచి దూర్చండి. బయటి ముఖానికీ లోపలి ముఖానికీ రంధ్రం కొట్టి, పైపు రెండిట్లోంచీ దూరి లోపలి ముఖంతో సమానంగా ఆగాలి. రెండు చోట్లా చుట్టూ మాటు. అప్పుడు కొమ్మ గడ్డపార మాదిరి పనిచేస్తుంది: బయటి ముఖం ఆనువు, లోపలి ముఖం తోకని పైకి లేవకుండా పట్టుకుంటుంది. రెండు రేకుల మీదా బలం అంచు వెంబడి పైకీ కిందికీ పడుతుంది, పీకే దిశలో పడదు. ఇనుము అదే, మాటు కాస్త ఎక్కువ, ఫలితంలో తేడా చాలా ఎక్కువ.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. 50 మి.మీ. రంధ్రమున్న ప్లేట్లకి అందరూ ఒకటింబావు అంగుళం పైపు వేద్దామంటారు, ప్లేటు బిగువుగా కూర్చుంటుందని. దాని బయటి కొలత 42.4. 50 మి.మీ. ముఖంలో 43 రంధ్రం కొడితే అటూ ఇటూ మిగిలేది మూడున్నర మిల్లీమీటర్లు. అంటే నిలువు మెడని కోసేసినట్టే. 1 అంగుళం పైపు 33.7కి 35 మి.మీ. రంధ్రం చాలు, అటూ ఇటూ ఏడున్నర మిగులుతుంది. ప్లేటు వదులుగా వేలాడుతుంది కదా అంటే, వేలాడనివ్వండి. ఇది బారు కాదు, దాచిపెట్టే చోటు. వదులుగా ఉంటేనే ఒంటి చేత్తో తీయడానికి వీలు. చిన్న రంధ్రాల ప్లేట్లకి పైపు వద్దు, 20 మి.మీ. గట్టి కడ్డీ దూర్చండి. రంధ్రం ఇంకా పెద్దదైతే 25.

రంధ్రం హోల్‌సా (గుండ్రటి రంపపు బిట్టు) తోనే కొట్టించాలి, ఇనుముకి పనికొచ్చే బైమెటల్ రకం, 35 మి.మీ. షాపులో అది లేకపోతే వెల్డింగ్ రాడ్డుతో కాల్చి రంధ్రం చేస్తామంటారు. ఒప్పుకోవద్దు. కాల్చిన రంధ్రం అంచులు ఎగుడుదిగుడుగా ఉండి, సందులు నింపడానికే మాటంతా పోతుంది. హార్డ్‌వేర్ షాపులో కొని ఇచ్చేయండి, ఒక్క బ్లేడు ఎనిమిది రంధ్రాలకి చాలు. నెమ్మదిగా తిప్పాలి, నూనె చుక్కలు వేస్తుండాలి.

కొమ్మ తల కొంచెం పైకి ఉండాలి, నాలుగు డిగ్రీలు. సమంగా ఉంటే ప్లేట్లు రోజూ కొంచెం కొంచెం బయటికి జరుగుతాయి. ఎక్కువ వాలిస్తే తీయడం కష్టం. నాలుగు డిగ్రీలంటే కోణమానిని అక్కర్లేదు: లోపలి ముఖం రంధ్రాన్ని బయటి దానికంటే మూడున్నర మిల్లీమీటర్లు కిందికి గుర్తు పెట్టండి. కొమ్మ కొస దానంతటదే 15 మి.మీ. పైకి లేస్తుంది. కింది కొమ్మ నేల నుంచి 300 మి.మీ., పైది 750. పైన కూడా 45 సెం.మీ. ప్లేట్లే వేసేవాళ్ళు 780కి జరపండి. రెండు కొమ్మల మధ్య దూరమంటే కింది ప్లేటు సగం, పై ప్లేటు సగం, ఆపైన వేళ్ళు పట్టడానికి మూడు సెంటీమీటర్లు. కొమ్మ కొసలకి మూత అతికించి నున్నగా అరగదీయించండి. 750 మి.మీ. అంటే చిన్నపిల్లల మొహం ఎత్తు.

డంబెల్స్ పట్టాల దగ్గర జరిగే పొరపాటు వేరు. యాంగిల్‌ని అంచు పైకి ఉండేలా, బయటి వైపుకి పెడతారు, పడిపోకుండా ఆపుతుందని. 5 కిలోలది బాగానే కూర్చుంటుంది, 15 కిలోల దాని తల ఆ అంచు మీద ఎక్కి కూర్చుంటుంది. పట్టాలని దూరం జరిపితే పెద్దవి సర్దుకుంటాయి, చిన్నవి సందులోంచి జారిపోతాయి. దీనికి విరుగుడు డంబెల్ ఆకారంలోనే ఉంది. ఒకే సెట్టులో తలలు పెరిగినా పిడి పొడవు పెద్దగా మారదు, చేయి పట్టే చోటు కదా. కాబట్టి పట్టాల దూరం డంబెల్ మొత్తం పొడవు బట్టి కాకుండా పిడి బట్టి నిర్ణయించాలి.

యాంగిల్‌ని చదును పైకి, అంచు లోపలి వైపున కిందికి వేలాడేలా పెట్టండి. రెండు పట్టాల లోపలి అంచుల వెంబడి పైన 10 మి.మీ. చదరపు కడ్డీ అతికించండి. ఆ రెండు కడ్డీల బయటి కొలత పిడి పొడవు కంటే 10 మి.మీ. తక్కువ ఉండాలి. పిడి 125 అయితే కడ్డీల బయటి కొలత 115, పట్టాల మధ్య ఖాళీ 95. ఇప్పుడు డంబెల్ పెడితే తలలు పట్టాల మీద, పిడి ఖాళీ మీద, కడ్డీలు తలల లోపలి ముఖాలకి ఆనుకుని. పట్టాలని మోసే చేతులని ముందుకి పది డిగ్రీలు వాల్చినా వెనక తల కడ్డీకి తగులుకుని జారదు. ఆ వాలు ఉంటే బరువు అంకె కనిపిస్తుంది, మణికట్టు మెలిపెట్టకుండా తీయొచ్చు. కింది వరుస నేల నుంచి 400 మి.మీ., పైది 850. బరువైనవి కింద ఉండాలన్నది నిజమే గానీ కింద అంటే నేల మీద అని కాదు. 15 కిలోల జతని పాదాల దగ్గర నుంచి వంగి తీసే అవసరం ఎవరికీ లేదు. పాదం వెడల్పు పెట్టుకున్నది ఆ వరుసని మోకాలి ఎత్తుకి తెచ్చుకోవడానికి కూడా.

గుండ్రటి తలల డంబెల్స్‌కి ఇది పనిచేయదు, పక్కకి దొర్లుతాయి. వాటికి ఒక్కో డంబెల్ మధ్య అడ్డుగా చిన్న కడ్డీ ముక్కలు పెట్టించాలి.

మాటు పని వరుస ముఖ్యం. 2 మి.మీ. పైపుకి 2.5 మి.మీ. వెల్డింగ్ రాడ్డు, షాపు భాషలో 12 నంబర్, 6013 రకం. 70 ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టి దాచుకున్న ముక్క మీద చూసుకోవాలి. చాలా షాపుల్లో చేతికి అందేది 10 నంబర్ రాడ్డు, 3.15. అది ఈ పైపుని కాల్చి చిల్లి పెడుతుంది, ఆ చిల్లి పూడ్చడానికి ఇంకో గుట్ట మాటు వేస్తారు. యాంగిల్‌ని పైపుకి అతికేటప్పుడు మంటని మందంగా ఉన్న యాంగిల్ వైపు ఎక్కువ ఉంచమనండి.

ముందు కొమ్మలకి రంధ్రాలు కొట్టడం, తర్వాత పాదాలకి నిలువులు. నాలుగు మూలలా చిన్న టాకాలు, మూలమట్టం పెట్టి చూడటం, అప్పుడే నిండు మాటు. నిండు మాటు కూడా ఒకే వైపు ఏకధాటిగా లాగకూడదు. చల్లారేటప్పుడు మాటు కుంచించుకుని నిలువుని తన వైపు లాక్కుంటుంది, మీటరు ఎత్తులో వేలు వెడల్పు తేడా వచ్చేస్తుంది. ఒక ముఖం, దానికి ఎదురు ముఖం, అలా మార్చి మార్చి. తర్వాత రెండు అడ్డాలు: ఒకటి పాదాల పైన, ఒకటి తల దగ్గర. అప్పుడు కర్ణాలు (ఎదురెదురు మూలల మధ్య దూరాలు) కొలవండి, రెండూ సమానమైతే చట్రం చదరంగా ఉన్నట్టు. కింది అడ్డం మూలల్లో త్రికోణం ముక్కలు రెండు, పై అడ్డం కింద రెండు. ఇవి లేకపోతే ర్యాకు ఎడమకీ కుడికీ ఊగుతుంది. ఆ ఊగుడు ప్రతిసారీ మాటునే తింటుంది. పట్టాల మీది చదరపు కడ్డీకి మాత్రం నిండు మాటు వద్దు, అంగుళం మాటు, ఆరంగుళాల ఖాళీ, అలా చుక్కలుగా. నిండుగా వేస్తే పట్టా విల్లులా వంగుతుంది.

మాటు మీద లప్పం వద్దని ముందే చెప్పండి. గేటుకి లప్పం అందం. ఇక్కడ అది పగులుని దాచే ముసుగు.

నేల సంగతి. 270 కిలోలంటే భయపడేవాళ్ళున్నారు. నలుగురు మనుషులు ఒకచోట నిలబడి మాట్లాడుకున్నంత. నివాస గదుల స్లాబుని మన ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకి సుమారు 200 కిలోల వాడుక బరువుకి లెక్కకడతారు, గది విస్తీర్ణం మొత్తం మీద. కాబట్టి గోడవారగా, కింద దూలం ఉన్న వైపు పెట్టుకుంటే బెంగ అక్కర్లేదు. గది నట్టనడుమ వద్దు. బయటికి చాచిన బాల్కనీ అంచున అసలు వద్దు.

టైలుకి మాత్రం భయపడాలి. కింద సిమెంటు పూర్తిగా పట్టని టైలు డొల్లగా ఉంటుంది. నాణెంతో కొట్టి చూస్తే శబ్దంలోనే తెలుస్తుంది. డొల్ల టైలు మీద పాదం చివర పడితే ఒకనాటికి పగుళ్ళు తప్పవు. అందుకే పాదం చివర్లకి ఆ 75 మి.మీ. పలకలు, వాటి కింద 10 మి.మీ. రబ్బరు. పలకల మీదే బరువు నిలవాలి, పాదం నడుమ నేలకి తగలకూడదు. మన గదుల నేల నీళ్ళు పోవడానికి కొంత వాలుగా ఉంటుంది కాబట్టి రసమట్టం పెట్టి, ఎత్తు తగ్గినచోట పలక కింద రబ్బరు ముక్క ఇంకోటి చేర్చండి. నాలుగు పలకల్లో ఒకటి గాల్లో ఉంటే ర్యాకు టకటకలాడుతూనే ఉంటుంది.

గోడకి వేలాడదీసే ర్యాకులని నేను వద్దంటాను. కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలు ఎక్కువగా ఏఏసీ బ్లాకులు (గాలి బుడగలున్న తేలిక సిమెంటు ఇటుకలు), మామూలు ఫాస్టెనర్ వాటిలో పట్టు నిలవదు. ర్యాకు తన కాళ్ళ మీద తను నిలవాలి. పిల్లలున్న ఇంట్లో తల దగ్గర ఒక పట్టీతో గోడకి కట్టడం అదనపు జాగ్రత్త, అంతవరకే.

బారుని నిలువుగా ఉంచే గొట్టం కూడా పెట్టించుకుందామనుకుంటే 2 అంగుళాల పైపు ముక్క వెనక అతికించొచ్చు, 150 మి.మీ. చాలు. ఎక్కువ వద్దు. ఒలింపిక్ బారు 2.2 మీటర్లు. గొట్టం పొడవెంతో అంత పైకి ఎత్తితేగాని బయటికి రాదు. మన ఇళ్ళలో ఆ ఎత్తున ఫ్యాను తిరుగుతుంటుంది. ముందు ఫ్యాను రెక్క ఎక్కడిదాకా వస్తుందో చూసి గొట్టం ఎటు పెట్టాలో నిర్ణయించండి.

తుప్పు. విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు గాలిలోనే ఉప్పుంటుంది, ఇనుము ఒక్క వానాకాలానికే మొహం మార్చుకుంటుంది. పైపు తెరిచిన చివర్లన్నీ మూయించండి, లోపలి తుప్పు బయటికి కనిపించదు. మూయకపోతే కందిరీగలు మట్టిగూళ్ళు కట్టేసుకుంటాయి కూడా. పౌడర్ కోటింగ్ చేయించేట్టయితే కింది వైపు 5 మి.మీ. చిల్లి వదలాలి, 180-200 డిగ్రీల పొయ్యిలో లోపలి గాలీ తడీ బయటికి పోయే దారి కావాలి. మాటు మీది చిట్టెం (గట్టిపడిన మడ్డి) పూర్తిగా కొట్టి తీయకపోతే ఏ రంగైనా అక్కడే పొరలుగా లేస్తుంది. రెడాక్సైడ్ రెండు పూతలు, మీద ఎనామెల్ వేసినా చాలు. పదేళ్ళ తర్వాత మళ్ళీ వేసుకోవడం మీ చేతిలో పని. కొమ్మల మీద మాత్రం ఏ రంగూ నిలవదు, ప్లేటు ప్రతిసారీ గీకుతుంది. వాటికి జీఐ (జింకు పూత వేసిన) పైపు వాడుకోవచ్చు. అయితే నిలువులోకి వెళ్ళే చివర మాటు పడేచోట జింకు పూతని గ్రైండరుతో పూర్తిగా తీసేయాలి. లేకపోతే మాటు బుడగలు కడుతుంది, ఆ పొగ పీల్చిన మనిషికి రాత్రికి చలిజ్వరం వస్తుంది. ఆరుబయట చేయించండి.

రంగు వేయకముందే పరీక్ష. షాపులోనే ఒక కొమ్మ మీద మనిషిని వేలాడమనండి, 70 కిలోల మనిషి అయితే మంచిదే. అతుకు చుట్టూ రేకు కదులుతుందేమో వేలు పెట్టి చూడండి. ఇంటికొచ్చాక మొత్తం బరువు ఎక్కించి ఒక రాత్రి వదిలేయండి, పొద్దున్న మళ్ళీ రసమట్టం పెట్టండి. నెలకోసారి టార్చి వేసి ప్రతి కొమ్మ అతుకు పైభాగాన్ని చూడండి, కింద కాదు, పైనే. పగులు ఎప్పుడైనా అక్కడే మొదలవుతుంది, అదీ ముందుగా రంగులో గీతలా కనిపిస్తుంది. ఆ గీత కనిపించిన రోజున బరువులు దించేసి, అక్కడ రంగు గీకి, గ్రైండరుతో మాటు మొదలంటా తీసి, మళ్ళీ అతికించాలి. గీత మీదే కొత్త మాటు వేస్తే పగులు కింద అలాగే ఉంటుంది.